గాటు ఏ చెంపకి

మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగిన ఏడు అది. మేకప్‌మ్యాన్ ఇశ్రాయేలు కరోనాతో బోరబండలోని తన ఇంట్లో, లోపలి గదిలో తలుపేసుకుని తొమ్మిది రోజులయింది. వరదకి ఆగిన షూటింగు జూబ్లీహిల్స్ బంగళాలో మళ్ళీ మొదలై మూడు రోజులు. ఆయన బదులు రోషన్ వెళ్తున్నాడు. సాయంత్రం అయిదింటికి భార్య తెరెసా తలుపు ఇవతల పీట వేసుకుని కూర్చుంది.

“మళ్ళీ చేశారా ఫోను?”

“లేదు.”

“మరి తడి ఆరాక పౌడరు కొట్టమని ఎవరితో చెప్తున్నారు, గోడతోనా?”

“రోషన్‌తో.”

“పొద్దుట్నించీ ఎన్నోసారండీ?”

“నాలుగు.”

“ఏడు. ఆరేళ్ళు మీ పెట్టె మోసి పని నేర్చుకున్నాడు. ఫిలింనగర్‌లో యూనియన్ ఆఫీసు చుట్టూ తిరిగి కార్డు ఇప్పించింది మీరే. ఇద్దరు పిల్లల తండ్రి. పౌడరు ఎప్పుడు కొట్టాలో తెలీదా?”

“తెలిస్తే తెలుస్తుంది. చెప్పడం నా పని.”

“ఇప్పుడు మీ పని పడుకోవడం. వేడినీళ్ళు గుమ్మం దగ్గర పెట్టాను. నేను జరిగాక తీసుకోండి.”

“త్రినాథరావు ఏమన్నాడు?”

“ఏ త్రినాథరావు?”

“ఎంతమంది ఉన్నారే? ప్రొడక్షన్ మేనేజరు. మధ్యాహ్నం నీకు ఫోను చేశాడుగా.”

“ఊరికే చేశారు. ఎలా ఉన్నాడని అడిగారు. మందులేమన్నా కావాలా అన్నారు.”

“ఇంకా?”

“అంతే.”

“పావుగంట మాట్లాడావు. మందులకి పావుగంట పట్టదు.”

“మీకెందుకండీ ఇవన్నీ.”

“రోషన్ గురించి ఏమన్నాడు?”

“బాగానే చేస్తున్నాడన్నారు.”

“బాగా అంటే?”

“బాగా అంటే బాగానే. హీరోగారు కుర్చీలో నిద్రపోతున్నారట.”

“ఏమిటీ?”

“మేకప్ వేయించుకుంటూనే కునుకు తీస్తున్నారట, ఈ మూడు రోజులూ. సెట్టులో అందరూ నవ్వుకుంటున్నారట. రోషన్ చెయ్యి ఆనినట్టే ఉండదని బాబే అన్నారట.”

“తెరెసా.”

“ఊఁ.”

“బాబు మొహానికి ఇరవై రెండేళ్ళు రంగేశాను. మీసం కూడా సరిగ్గా రాని రోజుల్నించీ. ఒక్కరోజు నా చేతికింద కళ్ళు మూయలేదు.”

“మీరు మూయనిస్తేగా. గడ్డం పైకి, ఇటు తిరగండి, నవ్వకండి, ఫోను పక్కన పెట్టండి. మన పెళ్ళికి నాకు మేకప్ వేసిందీ మీరేగా. బలిపీఠం ముందుకి వచ్చేసరికి మెడ పట్టేసింది.”

“ఫోటోల్లో బాగొచ్చావు.”

“మెడ వంకరగా వచ్చాను.”

“వాడెంతసేపు తీసుకుంటున్నాడట?”

“నలభై నిమిషాలట.”

“నాకు గంటా పది. నలభై నిమిషాల్లో ఏం వేస్తాడు, సున్నమా?”

“దసరాకి బాబుగారి కొత్త సినిమా ముహూర్తం కదండీ. దాని సంగతి కూడా...”

“చెప్పు. ఆగావేం?”

“మేకప్‌మ్యాన్ పేరు ఇంకా రాయలేదట. బాబు ఎవరి పేరు చెప్తే వాళ్ళేనట. త్రినాథరావుగారికే ఇంకా ఏమీ తెలీదట. మన చేతుల్లో లేనిదానికి ఎందుకండీ నలిగిపోవడం? ఉంటే ఉంటుంది, పోతే ఇంకో కుర్చీ. ఇన్నేళ్ళు దేవుడు అన్నం పెట్టలేదా?”

“ఆ కుర్చీ పెట్టింది.”

“తప్పు. లెంపలేసుకోండి.”

“రేపట్నించి అసలు పని.”

“ఏమిటది?”

“కత్తిగాటు. కథలో బాబు మొహం మీద కత్తి పడుతుంది. అక్కణ్ణించి సినిమా అంతా ఆ గాటు ఉండాలి. ఈ మూడు రోజులూ తీసింది అంతకుముందు సీన్లు, మామూలు మొహం. లాక్‌డౌన్‌కి ముందు పన్నెండు రోజులు గాటుతో తీశాం. రేపు మళ్ళీ అదే చోట పడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పాతదానికి అతకదు.”

“మరి రోషన్‌కి తెలుసా?”

“అప్పుడు వాడు లేడు. వేరే సినిమాకి పోయాడు.”

“ఇంకెవరికో ఒకరికి తెలుస్తుందిగా.”

“ఇవన్నీ గుర్తుపెట్టుకునే అసిస్టెంటు లాక్‌డౌన్‌లో ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. ఫోటోలు నా ఫోనులోనే ఉన్నాయి.”

“అడిగితే పంపండి.”

“అడిగాడు. నిన్న పంపాను.”

“హమ్మయ్య. ఇంకేం మరి... ఏవండీ?”

“ఏం లేదు.”

“ఊపిరాడుతోందా? వేలికి ఆ మిషను పెట్టుకోండి.”

“తొంభయ్యారు. బాగానే ఉంది.”

“మరేమిటి? ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. మీరు మాట్లాడకపోవడంలో కూడా రకాలున్నాయి. ఇది మంచి రకం కాదు.”

“ఎడమ చెంప.”

“ఏంటి?”

“గాటు ఎడమ చెంపకి. నేను పంపిన ఫోటో అద్దంలోది. కుర్చీ వెనక నిలబడి, అద్దంలో బాబు మొహం తీసింది. అది చూస్తే కుడి చెంప అనుకుంటారు.”

“అయ్యో. పొరపాటున...”

“పొరపాటు కాదు.”

“ఏమంటున్నారు మీరు?”

“మామూలువి ఇరవై ఉన్నాయి. వెతికి అద్దంలోది పంపాను. అద్దం అంచు కనపడకుండా కత్తిరించి పంపాను.”

“హీరోగారు చూసుకోరా?”

“నిద్రపోతాడుగా.”

“డైరెక్టరుగారు?”

“ఏడు నెలలయింది. ఎవరికి గుర్తుంటుంది? మేకప్ కుర్చీలోంచి లేచి వచ్చిన మొహమే సరైన మొహం అనుకుంటారు. రేపంతా తీస్తారు. ఎల్లుండి పాతదాని పక్కన పెట్టి చూస్తారు. రోజు పని వృథా. రోషన్ బయటికి.”

“మీరు లోపలికి.”

“ఆఁ.”

“మొన్న వాడి భార్య తబిత మోతీనగర్ నుంచి మిరియాల చారు తెచ్చి గేటు దగ్గర పెట్టి పోయింది. మీకోసం ఉపవాసం ఉందట కూడా. రెండు గ్లాసులు తాగారు మీరు.”

“ఆ అమ్మాయిని నేనేమన్నా అన్నానా?”

“ఫోను చేయండి.”

“పొద్దున చూస్తాను.”

“పొద్దున ఆరింటికి వాళ్ళ పని మొదలు. ఇప్పుడే చేయండి. నాకు వినపడేట్టు స్పీకరు పెట్టండి.”

“చెప్తే కుర్చీ పోయినట్టే తెరెసా. ముహూర్తానికి అయిదు రోజులుంది. నేను ఇంకో వారం ఈ గదిలోనే. నా చేతిలో మిగిలింది అదొక్కటే.”

“అందుకే వదిలేయమంటున్నా. జ్వరం తగ్గి నాలుగు రోజులయింది. ఇంకా మీకు అన్నం సయించట్లేదు, కంటికి కునుకు లేదు. మిమ్మల్ని తింటున్నది జ్వరం కాదండీ.”

“నీకు అర్థం కాదు. వాడికి నేర్పింది నేను.”

“అర్థమయ్యే చెప్తున్నా. చేస్తున్నారా?”

“మోగుతోంది.”

“హలో అన్నా, జర ఆగు, బయటికొస్తున్న. ఆఁ, చెప్పు. దమ్ము గిట్ల వస్తలేదు గదా?”

“బాగానే ఉన్నాను రోషన్.”

“తడి ఆరినంకనే పౌడర్ కొట్టినన్నా. ఫికర్ చేయకు.”

“అందుకు కాదు. నిన్న పంపిన ఫోటో.”

“ఆఁ.”

“అది అద్దంలోది. గాటు ఎడమ చెంపకి. కుడికి కాదు.”

“ఊఁ.”

“తెలిసే పంపాను. విన్నావా?”

“నాకు తెలుసన్నా.”

“ఏం తెలుసు?”

“ఫోటోల బాబు చొక్కా జేబు కుడిదిక్కున్నది. మొగోళ్ళ చొక్కాకు జేబు ఎడమకు ఉంటది గదా. నిన్ననే చూసిన.”

“మరి అడగలేదేం?”

“అడిగితే పొరపాటైందంటవు. నీ నోట గా మాట విననీకి మనసొప్పలే. ఇప్పుడు చెప్పినవు, మంచిగైంది.”

“రేపు గాటు కింది కొస దవడ ఎముకని తాకాలి.”

“తాకిస్త. అన్నా, ఇంకో మాట. వేరేటోళ్ళు చెప్తే బాగుండదు, నేనే చెప్తున్న. మొన్న బాబు దసరా సినిమాకు నన్ను రమ్మన్నడు. గా కుర్చీ మా అన్నదే, అన్న వచ్చేదాంక నిలబడ్డోణ్ణి నేను, అని వద్దన్న. నిన్న నీ ఫోటో చూసినంక మళ్ళీ పోయి, వస్త అని చెప్పిన.”

మరునాడు పొద్దున ఆరింటికి ఇశ్రాయేలు ఫోను ముట్టకుండా, తన దుప్పటి తానే బకెట్లో ఉతుక్కుని, పిండి, కిటికీ చువ్వలకు ఆరేసి, ఎండ దాని మీదికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.