ఫ్లెక్సీ ముందు ఫొటో

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో ఆమె నిలబడే ఉంది. యుద్ధం నడుస్తున్న దేశంలో నర్సుగా ఉన్న ఆమె చెల్లెలు, అక్కడి వాళ్లను కూడగట్టి ఇళ్లు కూలినవాళ్లకు వండి పెడుతోంది. ఆ వంటకు సాయం పంపేది ఈ మిల్లు సేటే.

"ఈ నెల సాయం ఇంకా అందలేదంట సేటు."

"ఫొటో రాలే గదమ్మా. మా మిల్లు ఫ్లెక్సీ ముందట అందరినీ నిలబెట్టి తియ్యమన్న."

"మొన్న నిలబెట్టిన్రు. గుంపు కనవడంగనే పైనుంచి బాంబేసిన్రు. పదకొండు మంది సచ్చిపోయిన్రు."

"అయ్యో. మరి మీ చెల్లె?"

అడిగినందుకే ఆమెకు కళ్లు చెమర్చాయి.

"బతికింది. ఫొటో తీస్తందుకు దూరంగ నిలబడ్డది."

"అయితే తీసే ఉంటది. అదే పంపమను. ఫ్లెక్సీ కనవడితే సాలు."