ఇటికరంగు మాత్రలు

“అమ్మమ్మా, ఆశా వర్కరక్క ఈ మాత్రలిచ్చింది. పిల్లలు అప్పుడే వద్దంటే ఇవే మంచివంది. నువ్వూ వాడేవంట కదా, పనిచేశాయా?” అని అడిగాను.

ఏటీ, మాత్రలా? ఇలా తే, సూడనీ. ఊఁ, ఇదే అట్ట. పైన తెల్లవి, కింద ఇటికరంగువి. మారనేదు. మాత్రలది తప్పు కాదమ్మీ. సెప్పినోళ్లది... సెప్పినోళ్లేటిలే, సెప్పనోళ్లది.

ముగ్గురు పుట్టినాక, మీ అమ్మే పెద్దది కదా, అప్పటికది పలక పట్టుకుని బడికెల్తన్నాది, మూడో కాన్పులో నా రగతం సగం పోనాది. ఇంకో కాన్పైతే బతకవని డాక్టరమ్మ మొహమ్మీదే సెప్పీసినాది. ఆపరేషనుకి మా అత్త ఒప్పుకోనేదు. అప్పుడు కోటబొమ్మాళి ఆస్పత్రిలో ఈ అట్టలిచ్చినారు. రోజుకొకటి వరసగా మింగమన్నారు, అంతే. మీ తాత పలాసలో జీడిపప్పు పనికెళ్లి శనివారం వచ్చీవోడు. ఆయనున్నా లేకపోనా మింగీదాన్ని.

ఇటికరంగువి మొదలెడితే బయట సేరతాం కదా. మా అత్తింట్లో బయటున్నామంటే సావిట్లో మూల, ఒక సాప, ఒక గలాసు. లోపల సామాను ముట్టకూడదు. అట్ట గూట్లో ఉండీది. ఇయ్యత్తా అంటే, మందు కూడా మైలపడిపోద్దనీది. తలకి పోసుకుని లోపలికెళ్లి సూస్తే ఇటికరంగువి మిగిలిపోయుండేవి. వరసగా మింగమన్నారు కదా, పారేత్తామేటి? అవన్నీ రోజుకొకటి మింగి, అప్పుడు కొత్త అట్టలో తెల్లది మొదలెట్టీదాన్ని. బుద్ధిమంతురాలిలాగ.

నెల తప్పినాది.

నర్సమ్మ అంతా యిని నెత్తి కొట్టుకున్నాది. మందు తెల్లవాటిలోనే ఉన్నాదంట. అది రోజూ ఒంట్లో పడతుంటే నెలనెలా యిడుదలయ్యే అండం యిడుదలవదంట. గర్భసంచి మూతికాడ జిగురు సిక్కబడి మగోడి బీజాన్ని రానీదంట. ఇటికరంగువి ఒట్టి ఐరనంట, రోజు తప్పకుండా అలవాటుకి పెట్టినారంట, ఏడు రోజులైతే మిగిలినవి పారేసి కొత్త అట్ట తియ్యాలంట. అవి మింగుతూ నేను కూకున్నన్నాళ్లూ తెల్లమందు లేక, లోపల అండం తయారైపోనాది. ఈ మాట అట్టిచ్చిన రోజే సెప్తే దాని నోరు పోయీదా?

శనివారం మీ తాతకి సెప్పినాను. అన్నం కలుపుతున్నోడు సెయ్యి ఆపీసి, “మాత్రలు మింగుతున్నావు. వారమంతా నేన్లేను. మరి కడుపెలాగొచ్చినాదే?” అన్నాడు. నర్సమ్మ మాటలన్నీ సెప్పినాను. “ఆడోళ్లు ఆడోళ్లనే ఎనకేసుకొస్తారు” అన్నాడు. మైల మైల అన్న మా అత్త అక్కడే బియ్యంలో రాళ్లేరుకుంటూ కూకున్నాది. ఇంకో సేటెడు బియ్యం ముందరికి లాక్కున్నాది.

మీ పిన్ని పుట్టినాది. నేను సావనేదు, అదొకటి. ఆయన దాన్ని ఒక్కనాడు ఎత్తుకోనేదు. అది నాన్నా అంటే బీడీకట్ట ఎతుక్కునీవోడు. కడాకి మంచమ్మీద పడితే అదే గంజి తాగించినాది. దాని ముక్కు సూసినావు కదా, అచ్చం ఆయనదే. ఆ ముక్కు ఎదురుగా పెట్టుకుని తాగినాడు, నమ్మకుండానే పోనాడు.

మింగు, నేను వద్దన్ను. ఒంటికి పడతాయో లేదో డాక్టరమ్మకి సూపించుకో. బయటున్నా లోపలున్నా అట్ట నీకాడే ఉంచుకో. ఇటికరంగువి తప్పిపోతే పారీ, కొత్త అట్ట రోజు మాత్రం దాటనీకు. నీ మొగుడున్నాడా ఇంట్లో? పిలు. ఆడికీ ఇప్పుడే సెప్పీస్తాను, ముందరే యినాల.

సల్లగుండు తల్లీ. నువ్వు కావాలన్నప్పుడే పుట్టాల. పుట్టిన గుంటని ఆళ్ల నాన్న ఎత్తుకోవాల. ఆ మాత్రం సాలు.