నలభై మూడో ఆకు

నా ఈ వీడ్కోలు సభకు పెద్ద దిక్కయిన సవేరియో గారికి, ముందు వరసలోని పెద్దలకు, ముప్పై ఎనిమిదేళ్లు నా గొణుగుడు భరించిన నిఘంటు కార్యాలయ మిత్రులకు నమస్కారం. కాజిమో, గడియారం చూడకు నాయనా, వైన్ ఎక్కడికీ పారిపోదు. (నవ్వులు)

'స్ట్రోలగారె' అనే మన పాత ఇటాలియన్ క్రియ నా ప్రాణమని సవేరియో గారు ఇందాక అన్నారు. నిజమే. జాతకాలు వెయ్యడమని దాని మొదటి అర్థం. మా కొండపల్లెకు వచ్చేసరికి, తేలని చిక్కుతో బుర్ర బద్దలుకొట్టుకోవడం. నేను బడి లెక్క ముందేసుకుని కూర్చుంటే మా అమ్మ, "ఏం స్ట్రోలగారె చేస్తున్నావురా అంతసేపు? పొయ్యి మీద పొలెంటా మాడిపోతోంది, లేచి కలుపు!" అని అరిచేది. (నవ్వులు)

కానీ మన దగ్గర అమ్మ నోటిమాట చెల్లదు కదా. పాత పుస్తకం ఉండాలి, ఆకు సంఖ్య ఉండాలి. మా అమ్మ అన్న తీరులో ఆ మాట కోసం రెండేళ్లు వెతికాను, దొరకలేదు. ఆధారం లేదు, ఆ అర్థం కొట్టేద్దామన్నారు కార్యాలయంలో. నాకు రోషం పొడుచుకొచ్చింది. ఒక సోదెగాడి వ్రాతప్రతి పేరు వేసి, నలభై మూడో ఆకు అని ఆధారం చీటీ మీద రాసి చీటీల పెట్టెలో పడేశాను. ఆ ప్రతికి ఎన్ని ఆకులున్నాయో కూడా చూడలేదు. ఉన్నవి నలభై రెండు.



ఆరేళ్ల తర్వాత, మన కార్యాలయంలో కొత్తగా చేరిన ఒర్నెల్లా ఆ చీటీ సరిచూడబోయి, తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"మాస్టారూ, నలభై మూడో ఆకు లేదండీ. ఎవరైనా చింపేశారంటారా?"

"అయ్యుండొచ్చమ్మా" అన్నాను.

గ్రంథాలయంలో ఆ ప్రతి తీసి చూసినవాళ్ల పుస్తకంలో చివరి సంతకం ఆమెది. ఆకు కాజేసిందన్నారు. విచారణలో ఆ పిల్ల నా వంకే చూస్తూ కూర్చుంది, నేను బల్ల వంక చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగం పోయింది. తొమ్మిదేళ్లుగా ప్రాతోలో బట్టల మిల్లు గుమాస్తాగా ఉంటోంది.

కూర్చోమంటున్నారా సవేరియో గారూ? కూర్చోను. ఆమెను తీసేసిన కాగితం మీద సంతకం మీది, అబద్ధం నాది. ఇదంతా రాసి, సంతకం పెట్టి నకళ్లు తెచ్చాను. గుమ్మం దగ్గరున్నాయి, తలా ఒకటి పట్టుకెళ్లండి. ఒర్నెల్లా, పిలిస్తే వస్తావనుకోలేదు. ఆ ఆకు ఏనాడూ లేదు తల్లీ. క్షమించమనడానికి నాకు మొహం లేదు.

(చివరి వరసలో ఒర్నెల్లా లేచి నిలబడింది: "మా అమ్మను వెంట తెచ్చానండీ. ఆవిడకి చెవుడు. ఇంకోసారి చెప్పండి, గట్టిగా.")

అమ్మా! మీ అమ్మాయి ఏమీ దొంగిలించలేదు! దొంగను నేను!

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞుణ్ణి. సెలవు.