గుమ్మం దగ్గర బ్యాటరీ

హలో… ఆ, నేనేరా సూరీ, దేవికక్కని. మీటింగులో ఉన్నావా? … ఉంటే ఉండు. లేచి బయటికొచ్చి మాట్లాడు.

… ఏటంటే, నీ కరెంటు బండి బ్యాటరీని మా గుమ్మం పక్కన చార్జింగుకి పెట్టి పోయావు కదా మహానుభావా, అది బుసకొడుతోంది.

… బుస. పాము కొడుతుందే, ఆ బుస.

… నేను వంటింట్లో ఉన్నాను. పిల్ల చంకలో ఉంది. ముందుగది నిండా అదో రకం వాసన… గోళ్లరంగు సీసా మూత తీస్తే వస్తుందే, అలాగ.

… నార్మలా? … ఇంజినీరింగు చదివినవాడివి కనక అడుగుతున్నాను, బుసకొట్టడానికి కూడా కలిపే డబ్బులు తీసుకున్నారా షోరూములో?

… దగ్గరికెళ్లి చూడాలా. నేను ఎనిమిదిలో బడి మానేశాను గాని, బుర్ర మానేయలేదు నాయనా. ఇక్కణ్నుంచే కనిపిస్తోంది. మీద ఏదో గుడ్డ కప్పావు, సగమే కనిపిస్తోంది. ఆ సగం పక్కకి పొడుచుకొచ్చింది. పాలప్యాకెట్టు ఉబ్బితేనే నేను ఇంట్లోకి రానివ్వను. ఇది అంతకన్నా ఉబ్బింది.

… ప్లగ్గు పీకాలా? ప్లగ్గు దాని వెనకే ఉంది. చెయ్యి పెట్టమంటావా?

… ఎత్తి కింద పెట్టి రావాలా. అంటే పిల్లని దించేసి దాన్ని చంకనేసుకోవాలి. … అవునురా, ఎంత పోసి కొన్నావో తెలుసు. నాకు ఇది ఒక్కతే పిల్ల అని నీకూ తెలుసు.

… ఎలా వెళ్తాను? ఈ వాటాకి ఉన్నది ఒకటే గుమ్మం. కిటికీలన్నిటికీ ఊచలు. పాప గడప మీద కూర్చుంటే అరిష్టం, లే లే అని లేపుతావు. మరి గడపకి జానెడు దూరంలో నువ్వు పెట్టింది ఏటి, పసుపుకొమ్మా?

… ఉండు, కిటికీలోంచి కేకేస్తాను. — బాలమ్మగారూ, పైన దేవికనండీ. కింద మా మీటరు స్విచ్చి దించేయండి. అవునండీ, మొత్తం ఆపేయండి. … అవునండీ, మా తమ్ముడి బ్యాటరీయే. —

విన్నావా? బండి కొన్న కొత్తలోనే ఆవిడ చెప్పింది. "ఇంట్ల వద్దు బిడ్డా, షెడ్డుల పెట్టుకో, జెర గాలి తగుల్తది, నువ్వున్నప్పుడే పెట్టుకో" అని. నీకు రోషం పొడుచుకొచ్చింది. మల్కాజ్‌గిరిలో ఓనరమ్మ నీకు టెక్నాలజీ నేర్పుతుందా అని నవ్వావు. మీ బావ కూడా నవ్వారు, ఆయన సంగతి తరవాత చూస్తాను.

… ఫ్యాను ఆగింది. కరెంటు పోయినట్టే. … బుస ఆగలేదు.

… ఒరే, ఏ చార్జర్ పెట్టావు? బండితో వచ్చింది అలమరలో ఉంది కదా. … అది నెమ్మదని ఇంకోటి కొన్నావు. ఎక్కడ? … ఫుట్‌పాత్ మీద. ఆహా. పిన్ను దూరితే చాలు, పెట్టేయడమే. నోరుందని పసిపిల్లకి ఆవకాయన్నం పెడతామా?

… ఏటి తీసెయ్యాలి? … బొంతా? ఏ బొంత?

… పాప బొంతా అది? పొద్దున్నించీ మంచాల కిందంతా వెతుకుతున్నాను. అమ్మ తన చీరలు చింపి కుట్టిన బొంతరా. నిప్పులాంటి డబ్బాకి బొంత కప్పావా? చలిజ్వరం వచ్చిందా దానికి?

… లైటా. ఏ లైటు?

… ఆ.

… ఆ, అన్నాను. ఆ బ్యాటరీ పచ్చలైటు కళ్లలో పడి పిల్ల పడుకోవట్లేదని నేనే అన్నాను.

… దానికని కప్పావా.

సరే, నోరు ముయ్యి. పొగ మొదలైంది. … లేదు, ఇంక ఆగను. పిల్ల మొహానికి తడితువ్వాలు చుట్టాను. గోడ పట్టుకుని పోతాను. … దేవుణ్ని నువ్వు తలుచుకో, నాకు ఖాళీ లేదు. ఫోన్ మాత్రం పెట్టకు—

—

—

… ఉన్నావా?

… బయటే ఉన్నాం. కింద, గేటు దగ్గర. నాకు చీర అంచు కమిలింది, అంతే. పిల్లకి ఏం కాలేదు. … ఏం కాలేదంటున్నానా. దగ్గుతోంది. నీళ్లు పట్టారు బాలమ్మగారు.

… ఆ, ఆ ఠప్పుమన్నది అదే. మెట్లు దిగుతుంటే పేలింది. ఇప్పుడు గుమ్మంలోంచి మంట కనిపిస్తోంది.

… ఫైరింజనుకి ఎప్పుడో ఫోన్ చేశారు. … పరువేటిరా? తలుపు కాలుతుంటే పరువు లోపల దాచుకోనా?

… బొంత అడుగుతున్నావా. … పోయిందిరా.

… ఏడవకు. అక్కడ నీ మేనేజరు చూస్తే, బ్యాటరీ కోసం ఏడుస్తున్నావనుకుంటాడు.

… మీ బావకి నేను చెప్పను. నువ్వే చెప్పు. చార్జర్ సంగతీ, బొంత సంగతీ, అన్నీ. లైటు సంగతి మాత్రం నేను చెప్తాను. … అది నా మాట కాబట్టి.

… ఏటీ? … రూము చూసుకుని వెళ్లిపోతావా.

… చూడు, ఇదిగో, గొంతు బొంగురుపోయినా మావ మావ అంటోంది. ఫోనిమ్మని గుంజుతోంది. … ఇవ్వను. మాట్లాడాలంటే వచ్చి ఎత్తుకో.

… సైరన్ వినిపిస్తోంది, పెట్టేస్తున్నాను. ఆటోలో రా. … మళ్లీ అదే మాట. ఒరే, వేరే చోటు చూడాల్సింది నీ బ్యాటరీకిరా.

నీకు కాదు.