పాత స్పోర్ట్స్ కారులో బావగారు

కారు అమ్మేముందు ఆఖరిసారి కూర్చుందామని షెడ్డులో దాని మీది దుప్పటి తీసి లోపలికి దూరిన బావగారు, మళ్ళీ బయటికి రాలేకపోయారు. బామ్మర్ది వచ్చి చెయ్యందించాడు.

"మెల్లిగా లాగరా! భుజం ఊడొస్తుంది."

"ముందు కాలు బయట పెట్టు బావా."

"అది నా మాట వింటేగా! దీనికి బెల్టులు మార్చాను, బేరింగులు మార్చాను, చెమ్మ తగలకుండా పసిపిల్లలా చూసుకున్నాను. తుప్పంతా నా మోకాళ్ళకి పట్టింది."

"అందుకే అక్క అమ్మేయమంది. కొనే ఆయన గేటు దగ్గరున్నాడు. ఈ బేరం కూడా చెడగొట్టావంటే అక్క ఇక నీతో మాట్లాడదు."

"చెడగొట్టనురా, మాటిచ్చానుగా."

గొంతు బొంగురుపోయింది. అదీ మోకాలి నొప్పే అన్నట్టు బావగారు మోకాలు రుద్దుకున్నారు.

"ఇంతకీ ఎలాంటి మనిషి?"

"పెద్దమనిషే. నీ ఈడువాడు."

"పొట్ట?"

"నీకన్నా జానెడు ముందుంది."

బావగారి ముఖం వెలిగిపోయింది.

"అయ్యో పాపం! తెలిసి తెలిసి సాటి మనిషిని ఇందులో ఎలా ఇరికిస్తానురా? నేనంటే అలవాటుపడిపోయాను. వెళ్ళి ఆయన్ని పంపించేసి రా, మళ్ళీ లాగుదువుగాని."