చేవ లేని చెట్టుకి నేనే చేవ

కర్రకోత మిల్లు పక్కనే టీ కొట్టు. మిల్లులో కోతలు ఆగినా కొట్టులో ఆగవు. చెట్లు కొట్టే మేస్త్రీ బెంచీ మధ్యలో సర్దుకుని కూర్చున్నాడంటే మిగతావాళ్ళకి అంచులే. ఆ సాయంత్రం కూడా అంతే.

"పెద్దాసుపత్రి గేటు దగ్గర, ఇప్పుడు బళ్ళు ఆగే చోట, ఓ మహావృక్షం ఉండేది. దాని జబ్బు కనిపెట్టింది నేనే. డాక్టర్లంతా రోజూ దాని కిందనుంచే పోయేవాళ్ళు, ఒక్కరికీ తెలీలేదు. ఆకు నిగనిగలాడుతోంది మరి. కాండానికి ఓ పక్క పళ్ళెమంత పుట్టగొడుగు మొలిస్తే అందరూ ముచ్చటపడుతున్నారు. నేను గొడ్డలి వెనకవైపుతో ఒక్కటి తట్టాను. డొల్ల. ఆ పుట్టగొడుగు బూజే ఎప్పుడో కొమ్మ విరిగిన గాయంలోంచి దూరి, లోపల చేవంతా తినేసింది. బెరడు కింద కాస్త పచ్చి చెక్క మిగిలింది కాబట్టి పైన ఆకులు బతికున్నాయి, అంతే."

ఇంతవరకూ బాగానే ఉందని మేమూ తలలూపాం. అప్పుడే అతని బావమరిది రొప్పుతూ వచ్చి, "బావా," అన్నాడు. మేస్త్రీ చెయ్యి అడ్డంపెట్టి, కూర్చోమని సైగ చేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొర్రలో తల పెట్టాను, పట్టింది. భుజాలు పట్టాయి. సరే అని లోపలికే నడిచాను. రెండు మంచాలు వేసుకోవచ్చు. చుట్టూ పుట్టగొడుగులు, మెట్లలాగా. ఎక్కుతూ పోతే రెండో అంతస్తు కిటికీలోంచి నర్సమ్మ చూసి, రోగుల్ని చూసే టైము అయిపోయింది, దిగమంది."

"పుట్టగొడుగు నీ బరువుకి ఆగిందా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఆగడమేంటి, ఒకదాని మీద కునుకు కూడా తీశాను. లేచేసరికి అది పెరిగి నాకు దుప్పటి కప్పింది."

బావమరిది మళ్ళీ, "అది కాదు బావా," అన్నాడు.

"అక్కడికే వస్తున్నా," అన్నాడు మేస్త్రీ. "ఇంతలో గాలి లేచింది. కిందకి చూస్తే పసిబిడ్డని ఎత్తుకున్న బాలింత, వెనక బలగమంతా, సరిగ్గా చెట్టు కిందే బండివాడితో బేరమాడుతున్నారు. చెట్టు ఒరుగుతోంది. ఏం చెయ్యను? కిందికి దూకి, వీపు ఇటు ఆనించి, కాళ్ళు అటు తన్నిపెట్టి, లోపలినుంచే పట్టుకున్నాను. చేవ లేని చెట్టుకి నేనే చేవ. వీళ్ళ బేరం తెగదు, గాలి ఆగదు. చివరికి ఆ చెట్టు నన్నే చెక్కనుకుని నాలోంచి నీళ్ళు పైకి తోడుకుంది. నా వేళ్ళ సందుల్లో చిగుళ్ళొచ్చాయి. ఒట్టు. వాళ్ళు బండెక్కాక నేను తప్పుకున్నాను. నేను చెప్పిన వైపే బుద్ధిగా పడుకుంది. అందుకే అంటున్నా, ఏ చెట్టయినా సరే, నేనొక్కసారి తట్టానంటే దాని జాతకం చెప్పేస్తాను."

టీ తాగడానికి ఆగాడు. బావమరిదికి అప్పటికి సందు దొరికింది.

"మా పెరట్లో చెట్టుకి పుట్టగొడుగులొచ్చాయని నిన్న మా అమ్మ చూపిస్తే, తట్టి చూసి ఇనుమన్నావు కదా బావా. అది ఇందాకే పడింది."

మేస్త్రీ గ్లాసు దించాడు. ఎవరికైనా తగిలిందా అని అడిగాడు.

"తగల్లేదు. స్నానాలగది తలుపుకి అడ్డంగా పడింది. అమ్మ లోపలే ఉంది, బానే ఉంది, తిడుతోంది. వచ్చినప్పట్నుంచీ అదే చెబుదామని చూస్తున్నా."

మేస్త్రీ దిగ్గున లేచి చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. బావమరిది మొహమాటంగా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వొద్దంది బావా. రంపం ఒక్కటే పంపమంది."