మగ్గం గుంతలో భూచంపకం

"అవ్వా, ఈ ఉత్త మగ్గం గుంతకు దినామూ నీళ్లెందుకు పోస్తాండావు?"

కూచో పాపా, చెప్తా. మీ నాయన చెవిన మాత్రం వేయద్దు.

పోయిన మాఘమాసంలో, కాదు కాదు, అంతకు ముందేడు, మీ తాత కడప పక్క అడివిలో ఉండే సావాసగాని ఇంటికి పోయి గడ్డొకటి తెచ్చినాడు. భూచంపకమంట. ఎండలు మొదలయ్యేటప్పుడు ఆకు లేకుండానే నేలలోంచి పువ్వొస్తాదంట. చెట్ల నీడ కావాలంట, తేమ కావాలంట. మన ధర్మవరంలో నీడ యాడుండాది, నువ్వే చెప్పు. పెరట్లో గొడుగు కట్టినాడు, గాలికి పాయ. నా పెండ్లి పట్టుచీర పందిరేసినాడు, మేక తినె. నూటిరవై రూపాయల చీర, ఆ కాలంలో.

కడాకు, ఇంట్లో సల్లగుండేది మగ్గం గుంతొకటే అన్నాడు. నిజమే గదా, దారం తెగకూడదని యాభై ఏండ్లు తేమ పట్టించిన గుంత. మోకాళ్లు పోయి ఆయన నేత మానేసినాడా, మీ నాయనేమో గుంత పూడ్చి, బండలు పరిచి, బైకు పెట్టుకుంటానని పట్టుబట్టినాడు. దాంట్లో కాళ్లేసుకొని కూచోకపోతే మీ తాతకు అన్నం దిగదు. ఏడ్చినాడు పాపా, నేను చూసినా. ఇంగ ఆ గడ్డనే గుంతలో పూడ్చి, "చెట్టుండాది, ఎవురూ ముట్టద్దు" అన్నాడు.

మీ నాయన వంగి చూసినాడు. "చెట్టు యాడ నాయనా?"

"నిద్రపోతాండాది. మెల్లిగా మాట్లాడు."

అంతే, ఉగాది దాకా రెండు నెలలు ఇల్లంతా గుసగుసలే. నేను మిక్సీ పక్కింటికి ఎత్తుకపోయి వేసుకొచ్చేదాన్ని. ఫోనొస్తే మీ నాయన వీధిలోకి పరిగెత్తేవాడు.

అసలు సంగతి ఏమంటే, ఆ గడ్డ గుంతలో లేనే లేదు. నాటేకి ముందు రెండు దినాలు వంటింట్లో పెట్టింటే, అల్లమనుకొని నేను పచ్చడి నూరేసినా. భయమేసి దాని జాగాలో అల్లం ముక్క పెట్టినా. అదీ కుళ్లిపోయింటాది.

ఉగాది వచ్చె, పాయ. పువ్వు లేదు. ఆయన దినామూ వంగి చూస్తాంటే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఒగ దినం ఉండబట్టలేక చెప్పేసినా.

మీ తాత గుంతలో కాళ్లు ఊపుకుంటా, "తెలుసులేవే, పచ్చడి తిన్నది నేనే గదా. అది నీ చేతి అల్లం పచ్చడి కాదని నాకు తెలీదా" అన్నాడు.

"మరి నీళ్లెందుకు పోస్తాండావు?"

"పోసినన్ని దినాలూ పూడ్చరు గదా."

ఇప్పుడాయన వంగలేడు, నేను పోస్తాండా. ఆ చెంబు ఇట్లియ్యి. నూరేండ్లు సల్లగుండు తల్లీ. మీ నాయన అడిగితే, మొగ్గ కనపడినట్లుండాదని చెప్పు.